అన్నీ పోయినవాళ్ల కోస్తా దారి

పల్నాడు జిల్లాకు సముద్రం లేదు. మాచర్ల నుంచి గురజాల దాకా ఎటు చూసినా నాపరాళ్లు, సున్నపురాతి గనులు, మిర్చి చేలు, మండే ఎండ. అయినా కోస్తా దారి ఈ జిల్లా అంచును ఒకచోట తాకి పోతుంది. చిలకలూరిపేటలో ఆ దారి ఎక్కితే ఒంగోలు, కావలి, నెల్లూరు, సూళ్లూరుపేట మీదుగా చెన్నై చేరతాం. దక్షిణానికి నడిచేవాళ్లకు సముద్రం పొడవునా ఎడమ చేతి వైపే ఉంటుంది. చాలాచోట్ల కంటికి కనపడదు, గాలిలో ఉప్పు తగులుతుంది. ఇవాళ అది 16వ నంబరు జాతీయ రహదారి. లారీలు, బస్సులు, కార్లు తప్ప దాని మీద కాళ్లకు చోటు లేదు.

కృష్ణ ఒడ్డు నుంచి సర్వం పోగొట్టుకుని బయల్దేరిన మనుషులు ఇదే కోస్తా వెంట దక్షిణానికి నడిచిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. ఒకసారి తిండి కోసం. ఇంకోసారి మట్టి కోసం. రెండింటికీ మధ్య 188 ఏళ్ల దూరం. మొదటిసారి నడిచినవాళ్లలో ఎందరో దారిలోనే రాలిపోయారు. రెండోసారి నడిచినవాళ్లు బయల్దేరినప్పటికంటే గట్టిపడి గమ్యం చేరారు. కష్టంలో ఉన్న మనిషికి నడక బలం ఇస్తుందని తేలిగ్గా అనేసే ముందు ఈ తేడా ఎక్కడిదో చూడాలి.

ఆ మాటను ఈ మధ్య ప్రపంచమంతా వినిపించిన పుస్తకం ఒకటుంది. రేనార్ విన్ అనే బ్రిటిష్ రచయిత్రి 2018లో అచ్చు వేసిన ‘ది సాల్ట్ పాత్’. ఇల్లు పోయింది, భర్తకు నయంకాని జబ్బని డాక్టర్లు చెప్పారు, చేతిలో డబ్బు లేదు. అప్పుడు భార్యాభర్తలిద్దరూ గుడారం వీపున వేసుకుని ఇంగ్లండ్ నైరుతి తీరం వెంట నడవడం మొదలుపెట్టారన్నది కథ. ఆ తీరపు దారి పొడవు 1,014 కిలోమీటర్లు. దొంగసరుకు దింపే పడవల కోసం తీర రక్షకులు గస్తీ తిరిగిన బాట అది. పుస్తకం లక్షల్లో అమ్ముడై సినిమాగానూ వచ్చింది. 2025లో లండన్ పత్రిక ‘ది అబ్జర్వర్’ ఆ కథలోని కొన్ని ముఖ్య విషయాల మీద అనుమానాలు లేవనెత్తితే రచయిత్రి వాటిని తోసిపుచ్చారు. నిజానిజాలు వాళ్లు తేల్చుకుంటారు. అంతమంది పాఠకులు ఆ కథను గుండెకు హత్తుకోవడానికి కారణం మాత్రం తెలుస్తూనే ఉంది. అంతా పోయాక కూడా మనిషికి రెండు కాళ్లు మిగులుతాయన్న ఊరట అందులో ఉంది.

మన కోస్తా దారి చెప్పే కథలో ఆ ఊరట అంత సులువుగా దొరకదు.

1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి, కలిగినవాడు. పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్నాయి. 1831లో తిరుగు ప్రయాణం తూర్పు తీరం మీదుగా సాగింది. ఎక్కడ మంచినీళ్లున్నాయి, ఎక్కడ సత్రం ఉంది, ఏ ఊళ్లో బాటసారులకు కావలసిన సామాను దొరుకుతుంది, ఏ వాగు ఎలా దాటాలి, అన్నీ ఓపిగ్గా రాసిపెట్టారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే ఆ రోజుల దారి కళ్లకు కడుతుంది. కష్టమైన దారే. కానీ డబ్బున్నవాడికి, వెంట మనుషులున్నవాడికి అన్నం దొరికే దారి.

ఆయన ఇల్లు చేరిన మరుసటి ఏడే నందన నామ సంవత్సరం వచ్చింది. వానలు మొహం చాటేశాయి. 1832-33లో గుంటూరు సీమను పట్టిన ఆ కరువును జనం నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా ఐదు లక్షలు. అందులో దాదాపు రెండు లక్షల మంది చనిపోయారని లెక్క. కృష్ణానది పక్కనే పారుతోంది. దాని నీళ్లు పొలానికి మళ్లించే ఆనకట్ట లేదు. చెరువు ఎండిపోతే ఊరు ఖాళీ. పల్నాటి మెట్ట సంగతి చెప్పనక్కర్లేదు. జొన్న, సజ్జ అన్నీ ఆకాశం వైపు చూసే పైర్లే.

ముందు గొడ్లు పోయాయి, తర్వాత గింజలు, ఆ తర్వాత ఇంట్లో అమ్ముకోగలిగినదల్లా. కదలగలిగినవాళ్లు మద్రాసు దారి పట్టారు. మద్రాసే ఎందుకంటే అక్కడ ఓడరేవు ఉంది, ఓడలో బియ్యం దిగుతుంది, పని దొరకవచ్చు. పైగా 1782 కరువులో పేదలకు గంజి పోయడానికి మొదలైన మణేగార్ సత్రం ఉన్న ఊరది. గుంటూరు నుంచి అక్కడికి సుమారు 400 కిలోమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు మూడు వారాల్లో నడిచే దూరం. వీళ్లు బయల్దేరేనాటికే డొక్కలు వీపుకు అంటుకున్నవాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు, ముసలివాళ్లను ఊతపట్టి నడిపించేవాళ్లు.

నెలల తరబడి పస్తున్న కడుపుకు ఒక్కసారిగా అన్నం పెట్టినా ప్రమాదమే. పల్చటి గంజి కొద్దికొద్దిగా పోస్తూ నాలుగైదు రోజులు కాచుకోవాలి. అంటే ఒక పూట దానం చాలదు. ఒకచోట పొయ్యి వెలిగించి, కుండ పెట్టి, మనిషి కూర్చుని చూసుకోవాలి. ఆ దారిలో అలాంటి పొయ్యిలు చాలినన్ని లేవు. నెల్లూరు సీమ ఊళ్లు సైతం కరువులోనే ఉన్నాయి. తమకే లేనివాళ్లు దారిన పోయేవాళ్లకు ఏం పెడతారు? రోడ్డు పొడవునా శవాలు పడి ఉన్నాయని ఆనాటి తెల్లదొరల రాతలే చెబుతున్నాయి. వీరాస్వామయ్య పల్లకీలతో దాటిన తీరమే అది, రెండేళ్లయినా తిరగలేదు. అవే బావులు, అవే వాగులు. నడిచేవాడికి ఎదురొచ్చి పెట్టే చెయ్యి ఒక్కటి కరువైంది.

ఈ సంగతి తెలిశాక, ‘నడిస్తే మనిషి నిలబడతాడు’ అన్న మాటను అక్కడితో వదిలేయలేం. నడిచేవాడి బలం సగమే అతని కాళ్లలో ఉంటుంది. మిగతా సగం దారి పక్క ఊళ్లలో పొయ్యిల మీద ఉడుకుతుంటుంది.

బతికినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. పొలాలు బీళ్లయ్యాయి, శిస్తు కట్టే నాథుడు లేడు. పదేళ్లు దాటినా జిల్లా కోలుకోకపోయేసరికి ఎందుకిలా అయిందో విచారించడానికి ప్రభుత్వం వాల్టర్ ఇలియట్‌ను పంపింది. పల్నాడు పాఠకులకు ఆయన ఇంకోలా తెలుసు. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించి సున్నపురాతి శిల్పాలను మద్రాసుకు తరలించిన ఇలియట్ ఆయనే. తర్వాత వాటిలో చాలా భాగం లండన్ చేరింది. కరువు మిగిల్చిన ఆ ఖాళీని చూశాకనే కృష్ణ మీద ఆనకట్ట అన్న మాటకు కదలిక వచ్చింది. 1852లో బెజవాడ దగ్గర పని మొదలై 1855కు పూర్తయింది. డెల్టా పచ్చబడింది. పల్నాడు ఎత్తున ఉంది, దానికి చుక్క రాలేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ మాచర్ల పక్కనుంచి పారింది. నందన కరువు నుంచి కాలువ నీళ్ల దాకా పల్నాడు 134 ఏళ్లు ఎదురుచూసింది.

కరువు మనుషుల చేతుల మీదుగా కోస్తాలో మరో దారి కూడా పుట్టింది. 1876-78 ధాత కరువులో మద్రాసు రాజధాని అంతా అల్లాడింది. కూలికి వచ్చిన కరువు జనంతో మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలుపుతూ కాలువ తవ్వించారు. అంతకుముందే ముక్కలు ముక్కలుగా ఉన్న తీరపు కాలువకు అది అతుకు. అప్పటి గవర్నరు పేరుతో బకింగ్‌హామ్ కాలువ అయింది. ఇటు పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ దానిలో కలుస్తుంది. అక్కడ మొదలై మద్రాసు దాటి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, సముద్రానికి సమాంతరంగా, చాలాచోట్ల కిలోమీటరు దూరంలో.

గాలి అనుకూలంగా ఉంటే పడవకు తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులే లాగేవారు. మోకు ఒక కొస పడవకు, ఇంకో కొస భుజానికి. ఒళ్లు ముందుకు వంచి, కాలి వేళ్లు గట్టు ఇసుకలో దిగేలా అడుగు వేసి, వెనుక పడవ కదిలిందని తాడు బిగువు వల్ల తెలిశాక రెండో అడుగు. ఉప్పు, వంటచెరకు, సరుగుడు, ధాన్యం అలా మద్రాసు చేరాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సముద్రపు హోరు పక్కనే నడక. మన తీరం వెంట ఏళ్ల తరబడి రోజూ నడిచినవాళ్లెవరంటే ముందు ఈ పడవ లాగినవాళ్ల పేరే చెప్పాలి. ఏ పుస్తకంలోనూ వాళ్ల పేర్లు లేవు. 1960ల తుపాన్లలోనూ, 1976 తుపానులోనూ కాలువ దెబ్బతిన్నాక ఆ నడక ఆగిపోయింది. 2004 డిసెంబరు 26 సునామీ రోజున పెదగంజాం నుంచి చెన్నై దాకా ఈ పాత కాలువే అలను తనలోకి తీసుకుని వెనుక ఊళ్లను చాలావరకు కాపాడిందని శాస్త్రవేత్తలు పరిశీలించి చెప్పారు.

దారిలో అన్నం అన్న మాట పల్నాడుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పన్నెండో శతాబ్దంలో కోడిపోరులో ఓడి, మాచర్ల వదిలి, ఏడేళ్ల వనవాసానికి మలిదేవాదులు, బ్రహ్మనాయుడు, వాళ్ల మంది, మందలు కాలినడకన వెళ్లిన కథ ఇక్కడ పిల్లలకూ తెలుసు. ఆ ఏడేళ్లలో పడిన బాధలు, మందాడిలో మందల మీద పడిన దాడి, అలరాజు రాయబారం, చివరికి కారెంపూడి యుద్ధం, ఇవన్నీ ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీర్ల తిరునాళ్లలో ఐదు రోజులపాటు మళ్లీ జరుగుతాయి. రోజుకొక పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీరుల ఆయుధాలు మోసుకుని వీరాచారవంతులు దూరపు జిల్లాల నుంచి కూడా నాగులేటి ఒడ్డుకు వస్తారు.

మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు పెట్టాడని చెప్పే ఆనవాయితీ. చాపల మీద అన్నం రాశిగా పోస్తారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని చూడకుండా అందరూ కలిసి తింటారు. కులం అడిగాక గానీ నీళ్లివ్వని కాలంలో ఆయన ఆ పంక్తి ఎందుకు వేశాడో చరిత్రకారులు రకరకాలుగా చెప్పారు. మత సంస్కరణ అన్నారు, రాజకీయం అన్నారు. ఇంకో కారణం కూడా ఉండి ఉంటుంది. రాజ్యం పోగొట్టుకుని ఏడేళ్లు అడవులు పట్టి నడవాల్సిన జనం వేరువేరు పొయ్యిల మీద బతకలేరు. ఇల్లూ వాకిలీ ఉన్నవాడు గిరి గీసుకోగలడు. దారిన పడ్డవాడికి ఆ వెసులుబాటు లేదు.

సముద్రం వైపు పోయే దారిలోనూ ఈ సంప్రదాయం ఉండేది. అంతర్వేది తీర్థానికి నడిచిపోయేవాళ్లకు కోనసీమలోని లంకల గన్నవరంలో వేళ కాని వేళ తలుపు తడితే అన్నం దొరికేది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మ ఆ పొయ్యి ఆరనివ్వలేదు. వచ్చినవాడు ఎవరని ఆమె అడగలేదు.

2020లో ఈ దారికి మళ్లీ పరీక్ష వచ్చింది. మార్చి చివర్లో లాక్‌డౌన్ పడ్డాక చెన్నైలో పనులు చేసుకుంటున్న ఒడిశా, బీహారు, జార్ఖండ్ కూలీలు ఇదే జాతీయ రహదారి మీద ఉత్తరానికి నడిచారు. నెత్తిన మూట, చేతిలో సీసా, మే నెల ఎండ. ఈసారి సముద్రం వాళ్లకు కుడి చేతి వైపు. పల్నాడులోని పొందుగుల చెక్‌పోస్టు దగ్గర హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు బయల్దేరిన వందల మంది గంటల తరబడి నిలిచిపోయారు. ములుగు జిల్లాలో మిరపకోతకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ బాలిక, పన్నెండేళ్లది, మూడు రోజులు నడిచి ఏప్రిల్ 18న ఇంటికి కొద్ది దూరంలో ప్రాణం వదిలింది. గుంటూరు మిర్చి యార్డు గొప్పలు చెప్పుకునేటప్పుడు ఆ పాపను తలుచుకోకుండా ఉండకూడదు.

రోడ్ల పక్క ఊళ్లవాళ్లు బయటికొచ్చి అన్నం పొట్లాలు, మజ్జిగ, అరటిపళ్లు, చెప్పులు పంచారు. మే 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కలగజేసుకుని, రహదారుల వెంట నడిచేవాళ్లకు భోజనం, మంచినీళ్లు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. 1833లో ఇలాంటి మాట ఒక్కటి ఏ కచేరీ నుంచైనా సకాలంలో వచ్చి ఉంటే ఎంతమంది మిగిలేవారో!

ఇక 2021. ఆ నవంబరులో పల్నాడు రైతు కుదేలై ఉన్నాడు. నల్ల తామరపురుగు మిరప పూతను పట్టేసింది. ఏ మందు కొట్టినా లొంగలేదు. ఎకరాకు లక్ష పైన పెట్టుబడి పెట్టిన కౌలు రైతులు మొక్కలు పీకేసి, అదే మట్టి మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. భూమి తనది కాదు, పంట లేదు, అప్పు మాత్రం తనదే. ఇలాంటివాళ్లలో చాలామంది ఎక్కడికీ నడవలేదు. ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. పల్నాడులో విషాదాలు ఎక్కువగా అక్కడే మొదలయ్యాయి, ఒంటరి గదిలో.

అదే నెల ఒకటిన కృష్ణ ఒడ్డున తుళ్లూరు నుంచి ఇంకో రకం నష్టంలో ఉన్న రైతులు బయల్దేరారు. రాష్ట్ర రాజధాని అమరావతి కోసం 2015లో దాదాపు 34 వేల ఎకరాలు భూసమీకరణలో ఇచ్చినవాళ్లు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట రాగానే పొలమూ లేక, రాజధానీ లేక మిగిలారు. రాజధాని ఎక్కడ ఉండాలన్న దాని మీద రాష్ట్రంలో భిన్నాభిప్రాయాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఏ పక్షం మాట ఎలా ఉన్నా, ఆ నడక మాత్రం చూసి తీరాల్సినది. ‘న్యాయస్థానం నుంచి దేవస్థానం’ అని పేరు పెట్టుకున్నారు. ముందు వెంకటేశ్వరస్వామి రథం. వెనుక ఆకుపచ్చ కండువాలు. నడిచినవాళ్లలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అందులో చాలామంది అంతకుముందు తమ ఊరి పొలిమేర దాటి పది కిలోమీటర్లు కూడా నడిచి ఎరుగరు.

పర్చూరు, ఇంకొల్లు మీదుగా ఒంగోలు, అక్కణ్నుంచి నెల్లూరు జిల్లా. మొదటి వారంలోనే అరికాళ్లు బొబ్బలెక్కాయి. మధ్యలో పోలీసు ఆంక్షలు, లాఠీలు. ఆ నవంబరు మూడో వారంలో నెల్లూరు జిల్లాను వరద ముంచింది. పెన్న పొంగి జాతీయ రహదారే కోతకు గురైంది. తడి బట్టలతో, కల్యాణమండపాల్లో, గుడి ఆవరణల్లో పడుకుని లేచారు. వాళ్లు ఇంకా దారిలో ఉండగానే నవంబరు 22న మూడు రాజధానుల చట్టాలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. కొత్త బిల్లు తెస్తామనీ అంది. నడక ఆపలేదు. డిసెంబరు 14న తిరుపతిలో అలిపిరి చేరారు. మరుసటి ఏడు మార్చి 3న రాజధాని కేసులో హైకోర్టు తీర్పు వచ్చింది. 2022 సెప్టెంబరు 12న అరసవల్లికి మొదలుపెట్టిన రెండో నడక మాత్రం గమ్యం చేరలేదు. అక్టోబరు 22న రామచంద్రపురంలో ఆగిపోయింది.

మొదటి నడకలో చాలా ఊళ్లలో ముందురోజే పొయ్యి వెలిగేది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పు పెరుగు, సాయంత్రం టీ. ఊరి పొలిమేరలో పూలు చల్లి, బొట్టు పెట్టి, కాళ్లు కడిగిన వాళ్లున్నారు. ముందు ఎప్పుడూ చూడని మనుషులు తమ పిల్లల చేత చందా ఇప్పించారు. ఈ ఆదరణలో రాజకీయం కలిసి లేదని ఎవరూ అనరు. అయినా నలభై నాలుగు రోజులు రోజూ కొత్త ఊళ్లో ఎవరో ఒకరు ‘రామ్మా, కూర్చో, తిను’ అంటే మనిషి లోపల ఏదో నిలబడుతుంది. పోయిన పొలం తిరిగి రాదు. తను మాత్రం పోలేదని తెలుస్తుంది.

గోడవైపు తిరిగి పడుకున్న కౌలు రైతుకు అందనిది సరిగ్గా ఇదే. అతని నష్టం వీళ్లదాని కంటే చిన్నదేమీ కాదు. అతని చుట్టూ ఊరేగింపు లేదు, రథం లేదు, రేపు పొద్దున ఫలానా ఊళ్లో భోజనం అన్న ఏర్పాటు లేదు. పొద్దున్నే లేపి ‘పద’ అనేవాళ్లు లేరు. పరిహారం, రుణం, కౌలు గుర్తింపు కార్డు, ఇవన్నీ ప్రభుత్వం ఇవ్వాల్సినవి, ఇచ్చి తీరాల్సినవి. అవి వచ్చే దాకా అతన్ని ఇంట్లోంచి బయటికి తీసుకురావడం ఊరి పని. కారెంపూడి తిరునాళ్లకో, శివరాత్రికి కోటప్పకొండకో, మాచర్ల మీదుగా శ్రీశైలానికో నడిచే గుంపులు పల్నాడులో ఏటా ఉంటాయి. ఆ గుంపులోకి అతన్ని పేరుపెట్టి పిలవాలి.

ఆ గుంపులు నడిచే దార్ల సంగతి కూడా చూడాలి. చిలకలూరిపేట నుంచి దక్షిణానికి జాతీయ రహదారి అంచున తిరుమలకు నడిచే భక్తులు ఏడాది పొడవునా కనిపిస్తారు. పాత రోడ్డు విస్తరణలో చెట్లు పోయాయి. టోల్ గేటు దగ్గర వాహనాలకు సౌకర్యాలున్నాయి, నడిచేవాడికి ప్రత్యేకించి బాట లేదు. రాత్రి లారీల వెలుగులో తెల్లగీత పట్టుకుని పోవాలి. 2020లో హైకోర్టు చెప్పిన నీళ్లు, నీడ, మరుగుదొడ్లు ఆ లాక్‌డౌన్ నెలల కోసం చెప్పినవి. వాటిని శాశ్వతం చేస్తూ, పదిహేను ఇరవై కిలోమీటర్లకొకటి చొప్పున, పాత సత్రాలున్న ఊళ్లలోనే నడక మజిలీలు కట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. స్థలం దేవాదాయ శాఖ దగ్గర ఉంది, దారి రహదారుల సంస్థ చేతిలో ఉంది, వండి పెట్టే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.